విప్పి చదివేవాళ్లం

మా రోజుల్లో ఫారంలో రాసింది విప్పి ఎవరూ చేతికివ్వలేదు. అది సీజీఐ కాలం. పెర్ల్‌లో స్క్రిప్టు రాసుకుని, కంటెంట్ లెంగ్త్ ఎంతో చూసి, సరిగ్గా అన్ని బైట్లే స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి చదివేవాళ్లం. '&' దగ్గర తెంపి, '=' దగ్గర చీల్చి, '+' ఉన్నచోట ఖాళీ పెట్టి, '%' వెనకున్న రెండేసి అంకెల్ని బైట్లుగా మారిస్తే గానీ ఒక మనిషి పేరు కంటికి కనబడేది కాదు.

ఇప్పుడు జావాలో 2008 నుంచి జాక్స్-ఆర్‌ఎస్ ఉంది. మెథడ్ మీద 'పోస్ట్' అని, పెరామీటర్ ముందు 'ఫారంపెరామ్' అని రాస్తే విలువ వచ్చి ఒళ్లో వాలుతుంది. ఆ సౌకర్యం మీద నాకు కోపం లేదు. అది ఏ దారిన వచ్చిందో అడగనితనం మీదే కోపం.

మొన్నామధ్య మా దగ్గర ఒక దరఖాస్తు ఫారం ఖాళీగా వస్తోందని ఇద్దరు కుర్రాళ్లు రెండు రోజులు తలలు పట్టుకున్నారు. "బ్రౌజర్‌దే తప్పు సార్" అన్నారు. చూస్తే, లాగ్ రాసే ఫిల్టర్ ముందే గెట్‌పెరామీటర్‌ని పిలిచింది. దాంతో బాడీ అంతా చదివేసినట్టే. మొత్తం బాడీని అందుకోవాల్సిన మెథడ్‌కి ఏమీ మిగల్లేదు. రిక్వెస్ట్ బాడీ ఊటబావి కాదు నాయనా, బిందె. ఒకసారి ఒంపితే అయిపోయినట్టే.

తెలుగు పేర్ల సంగతీ అంతే. సర్వ్‌లెట్‌కి ఎన్‌కోడింగ్ ఏదో చెప్పకపోతే ఐఎస్ఓ-8859-1 అనుకుని చదివేది. సీతమ్మ అని రాస్తే పిచ్చిగీతలు వచ్చేవి. మొదటి పెరామీటర్ చదవకముందే యూటీఎఫ్-8 అని చెప్పాలని దెబ్బతిని నేర్చుకున్నాం.

"చెకింగులన్నీ బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ చూసుకుంటుంది సార్" అంటారు. బ్రౌజర్ ఊసే లేకుండా కర్ల్‌తో ఎవరైనా ఏదైనా పంపగలరు. గడప దగ్గర కాపలా సర్వర్‌దే. తప్పు దొరికితే 400 అనో 422 అనో చెప్పాలి, ఏ గడిలో తప్పో కూడా చెప్పాలి. ఇప్పుడు అన్నిటికీ 200 పంపి, లోపల 'విఫలం' అని రాస్తున్నారు. ఒక్క గడి తప్పితే ఇరవై గడులూ తుడిచేస్తున్నారు. ఫారం అందుకున్నాక 303తో వేరే పేజీకి పంపరు. పాపం, ఎవరో రిఫ్రెష్ నొక్కితే అదే దరఖాస్తు రెండోసారి పడుతుంది.

ఇంటిపేరు చోట ఒక్క అక్షరమే రాస్తే చెల్లదంటారు. పొడి అక్షరంతోనే బతికేసినవాళ్లు మనలో ఎంతమంది! ఆ నిబంధన రాసినవాడికి అవతల మనిషి కనబడలేదు, గడి ఒక్కటే కనబడింది. ఫారం అంటే అర్జీ. నెట్ సెంటర్‌లో వరసలో నిలబడి, డబ్బిచ్చి నింపించుకునే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అందుకే కుర్రాళ్లకు ఒకటే చెబుతాను. ఈ సాయంత్రం ఇంటికెళ్లేముందు మీ అమ్మ పేరు తెలుగులో రాసి మీ ఫారంలో పంపండి. వైరు మీద ఏం వెళ్తోందో కళ్లారా చూడండి. 'అ' ఒక్కటే %ఈ0%బీ0%85 అని తొమ్మిది గుర్తులవుతుంది. అలా ముక్కలై వెళ్లిన ఆ పేరు ఒక్క గుణింతమైనా చెడకుండా అవతల చేరితే, అప్పుడు చెప్పండి పని అయిందని.