కుక్క నడక

నేను మారుతి ఓమ్నిని. మీరు నన్ను సినిమాల్లో చూసే ఉంటారు. కాలేజీ గేటు ముందుకు దూసుకొచ్చి ఆగుతాను, పక్క తలుపు సర్రున జరుగుతుంది, హీరోయిన్ని లోపలికి లాగేస్తారు, నేను మాయం. తెలుగు సినిమా నాకిచ్చిన వేషం దాదాపు అదొక్కటే. నేను మాత్రం ఒక్క అమ్మాయినీ ఎత్తుకుపోలేదు. అహోబిలంలో ఒక మెస్సుకు బియ్యం, కూరగాయలు మోస్తూ ముసలిదాన్నయ్యాను.

పుట్టింది గుర్గావ్‌లో, 2004లో. మా వంశం 1984 నాటిది. మొదట్లో మమ్మల్ని ఊరికే మారుతి వ్యాన్ అనేవాళ్ళు, ఓమ్ని అన్న పేరు తర్వాత పెట్టారు. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్ని ముందు సీట్ల కింద దాచారు కాబట్టి నాకు ముక్కంటూ లేదు. తోలేవాడు దాదాపు ముందు చక్రాల మీదే కూర్చుంటాడు. గుంతలో పడితే నాకంటే ముందు అతని నడుముకు తెలుస్తుంది. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 1840 మిల్లీమీటర్లు. ఈ అంకెతో తర్వాత పని పడుతుంది. ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగులు పెట్టారు. వెనక మాత్రం జట్కాబండి నాటి కమాను పట్టీలే.

నా నంబరు ఏపీ 21తో మొదలవుతుంది, అంటే కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా పుట్టాక కూడా నా నుదుటి రాత మారలేదు. 2019లో నా పదిహేనేళ్ళ రిజిస్ట్రేషను ముగిసింది. ఇంకో ఐదేళ్ళకు రెన్యువల్ చేయించారు. అదే ఏడు కంపెనీ ఓమ్నిల తయారీ ఆపేసింది. నాకు ఆయుష్షు పొడిగించారు గానీ నా తర్వాత మా జాతిలో పుట్టేవాళ్ళు లేకుండా పోయారు.

మా యజమానిని అందరూ మెస్సన్న అంటారు, నేనూ అదే అంటాను. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడి గుడికి కూతవేటు దూరంలో ఆయన మెస్సు. తెల్లవారక ముందే బయల్దేరి ఆళ్ళగడ్డ మార్కెట్టుకు పోవాలి, ఎండ ముదరక ముందే సరుకుతో తిరిగి రావాలి. స్వాతి నక్షత్రం రోజున నరసింహుడి కోసం జనం విరగబడి వస్తారు. అప్పుడు పులిహోర గిన్నెలతో ఎగువ అహోబిలానికి కూడా ఎక్కాలి. ఎనిమిది కిలోమీటర్లే అయినా అన్నీ వంపులే. పావన నరసింహుడి దారి నాది కాదు, అది జీపులది. అడవి రాళ్ళ మీద అవి ఎగిరెగిరి పడుతుంటే చూసే నాకే పట్టీలు నొప్పెడతాయి.

నాకు అసలు శత్రువు నల్లరేగడి. ఎండకు నోళ్ళు తెరుస్తుంది, వానకు ఉబ్బుతుంది. దాని మీద ఎంత మంచి రోడ్డు వేసినా రెండు మూడేళ్ళలో కింద నేల కదిలి, పైన తారు అలలు అలలుగా లేస్తుంది. అంచులు కుంగుతాయి. ఆ అలల మీద రోజూ పోను ముప్పై, రాను ముప్పై కిలోమీటర్ల లెక్కన పద్దెనిమిదేళ్ళు తిరిగాను. జబ్బు రాకుంటే వింత.

మొదటి జబ్బు నవ్వొచ్చే జబ్బు. ఒక వానాకాలం అరవై దాటితే స్టీరింగు వణికేది, యాభైకి దిగితే మామూలే. మెస్సన్న భయపడి బ్యాలెన్సింగ్ చేయించబోయాడు. టైర్ల షాపు కుర్రాడు చక్రం విప్పి లోపలి వైపు చూశాడు. రిమ్ము గిన్నెలో ఒకే పక్క రేగడి మట్టి గట్టిగా పేరుకుపోయి ఉంది. దాన్ని గీకి, నీళ్ళు కొట్టి పంపాడు. వణుకు పోయింది.

రెండోది నవ్వొచ్చేది కాదు. స్టీరింగు వదిలితే కుడికి లాగడం మొదలుపెట్టాను. మన దేశంలో కుడి అంటే ఎదురొచ్చే లారీ. తిన్నగా పోవాలంటే మెస్సన్న స్టీరింగును కొంచెం ఎడమకు తిప్పి పట్టుకోవాలి. వంపుల్లో వెనక నుంచి టక్‌మని చప్పుడు కూడా వచ్చేది. లాగుడు కూడా రోజూ ఒకేలా ఉండేది కాదు. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ, మార్కెట్టు నుంచి వచ్చేటప్పుడు మరీ ఎక్కువ.

ఇక వైద్యులు మొదలయ్యారు. మొదటి మేస్త్రీ జాకీ ఎత్తి, ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని పక్కలకు ఊపాడు. టై రాడ్ ఎండ్లలో ప్లే ఉందన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే అరిగాయి. మార్చాక స్టీరింగు గట్టిపడింది, లాగుడు మాత్రం పోలేదు. రెండో మేస్త్రీ తెలివైనవాడు. ముందు టైర్లను కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి తోలి చూశాడు. తప్పు టైరుదైతే లాగుడు రెండో పక్కకు మారాలి. మారలేదు. కాసేపు తిప్పి వచ్చి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాడు. బ్రేకు ఎక్కడైనా పట్టేస్తుంటే ఆ చక్రం ఒక్కటే కాలుతుంది. అన్నీ ఒకేలా ఉన్నాయి. అతను అక్కడితో ఆగి ఉంటే నాకు గౌరవం మిగిలేది. బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, పైన షాకబ్జార్బరు మౌంటు అన్నీ మార్చేశాడు. మూడో ఆయన స్టీరింగు ర్యాకే పోయిందన్నాడు. పాత సామాన్ల అంగడి నుంచి ఎవరిదో చచ్చిన ఓమ్నిది తెచ్చి నాకు బిగించాడు. హిరణ్యకశిపుడు స్తంభాన్ని చూపించి ఇందులో ఉన్నాడా అని అడిగినట్టు, వీళ్ళు నా ముందు భాగంలో ప్రతి ముక్కనూ స్పానరుతో కొట్టి అడిగారు. ఇంతకీ వాళ్ళెవరూ నా వెనక్కి రాలేదు. స్టీరింగు లాగుతోందంటే జబ్బు స్టీరింగు దగ్గరే ఉండాలని వాళ్ళ లెక్క.

చివరికి మెస్సన్న నంద్యాలకు అలైన్‌మెంటుకు తీసుకుపోయాడు. ఇప్పుడు 40వ నంబరు, ఒకప్పుడు 18వ నంబరు అనే జాతీయ రహదారి మీద ఖాళీగా హాయిగా పోయాను. అక్కడ మిషను తలలు రెండే, అవి ముందు చక్రాలకు తగిలించారు. కంప్యూటరు తెర మీద అన్నీ పచ్చగా వచ్చాయి, కాగితం కూడా ఇచ్చారు. ముందు చక్రాలు రెండూ ఒకదానితో ఒకటి సరిగ్గానే ఉన్నాయి మరి. వెనక చక్రాలు ఎటు చూస్తున్నాయని ఆ మిషను అడగలేదు. నాలుగు చక్రాలకూ తలలు పెట్టి చూస్తే ఆ రోజే తెలిసిపోయేది. వారం తిరగకుండానే స్టీరింగు మళ్ళీ ఎడమకు ఒరిగింది.

ఆళ్ళగడ్డలో శిల్పుల షెడ్ల వరసలో ఒక పాత మెకానిక్కు ఉన్నాడు. అందరికీ చాచా. పక్క షెడ్డులో ఉలి చప్పుడు, ఇక్కడ సుత్తి చప్పుడు. మెస్సన్న మార్చిన సామాన్లన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. చాచా బీడీ ఆర్పి అడిగాడు.

“రోడ్డు యా పక్కకు వాలుంటాదప్పా?”

“ఎడం పక్కకే గదా చాచా. నీళ్ళు పోవల్ల గదా.”

“సరుకు యా పక్క ఏస్తావు?”

“ఎడం పక్కే.”

“రోడ్డూ ఎడమకే, బరువూ ఎడమకే. బండి కుడికెందుకు పోతాంది మరి?”

మెస్సన్న దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

“ముందర అంతా మార్చేసినారు గదా, నాకింక ముందర పని లేదు. రేప్పొద్దున మార్కెట్టు సరుకుతో రా. ఖాళీ బండి నాకొద్దు.”

అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ నన్ను డాక్టర్ల దగ్గరికి ఖాళీ కడుపుతోనే తీసుకుపోయారు. జబ్బేమో తిన్నాక వచ్చేది.

మర్నాడు బియ్యం బస్తాలతో వెళ్ళాం. చాచా జాకీ ముట్టుకోలేదు. తన టీవీఎస్ ఎక్కి, “నువ్వు ముందర పో, స్టీరింగు తిన్నగా పట్టుకో, నేను ఎనకాల వస్తా” అన్నాడు. అర కిలోమీటరు వచ్చి చెయ్యి ఊపి ఆపాడు. తడిసిన మట్టిలో నా జాడలు చూపించాడు. వెనక చక్రం ముందు చక్రం గీత మీద నడవాలి. నాది రెండు వేళ్ళు ఎడమకు తప్పి నడిచింది.

“కుక్క నడక” అన్నాడు చాచా. “కుక్క సూడు, ముందు కాళ్ళొక దారి, ఎనక కాళ్ళొక దారి, ఒళ్ళు వారగా పెట్టి పోతాది. నీ బండీ అంతే.”

షెడ్డుకు వచ్చాక పక్క శిల్పి దగ్గర నూలుదారం అడిగి తెచ్చాడు. రాతి మీద గీత కొట్టే దారం అది. వెనక టైరుకు ఆనించి ముందు టైరు దాకా లాగి పట్టాడు. తర్వాత టేపుతో ఇరుసుల మధ్య కొలిచాడు. కుడివైపు కంపెనీ లెక్క సరిగ్గా వచ్చింది. ఎడమవైపు ఒకటిన్నర సెంటీమీటరు ఎక్కువ.

కమాను కట్టను ఇరుసు మీద యూ బోల్టులు బిగించి పట్టుకుంటాయి. కట్ట మధ్యలో పట్టీలన్నిటినీ గుచ్చిన సెంటర్ బోల్టు ఉంటుంది, దాని తల ఇరుసు మీది గుంటలో కూర్చుంటుంది. ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేది ఆ చిన్న తలే. చాచా విప్పి చూస్తే ఎడమ కట్టలో అది తెగి రెండు ముక్కలైంది. తెగిన చోట కొత్త మెరుపు లేదు, తుప్పు పట్టి ఉంది. యూ బోల్టులు కూడా వదులే. బరువుతో గుంతలో పడ్డప్పుడల్లా ఇరుసు ఎడమ కొస వెనక్కి జరుగుతోంది. దాంతో వెనక చక్రాల చూపు ఎడమకు తిరుగుతుంది. అవి నా వెనక భాగాన్ని ఎడమకు తోస్తే, ముందు భాగం కుడికి పోతుంది. టక్‌మన్న చప్పుడు ఇరుసు జరిగినప్పటిదే. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అవడమూ అందుకే.

సెంటర్ బోల్టు, యూ బోల్టులు, షాకిల్ బుష్‌లు కొత్తవి పడ్డాయి. మొత్తం ఖర్చు ఆ పాత ర్యాకుకు పెట్టినదాంట్లో నాలుగో వంతు లేదు. మళ్ళీ దారం పట్టారు, రెండు వైపులా ఒకటే కొలత. స్టీరింగును మధ్యకు తెచ్చారు. మెస్సన్న డబ్బులు తీస్తున్నాడు. చాచా మాత్రం ఇంకా నా వెనకే కూర్చుని ఉన్నాడు.

“కుడి కమానుకు వంపు ఉంది. ఎడం కమాను సాపైపోయింది. రెండిటిదీ ఒకే వయసు గదా?”

లేచి నా కుడి తలుపు లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు.

“అది రాదు చాచా. ఏడేళ్ళ నుంచి అంతే. ఎడం తలుపులోంచే ఏస్తాం, లోపలికి నెట్టేకి బద్ధకమై ఆడే పెట్టేస్తాం” అన్నాడు మెస్సన్న, అదేదో వేరే సంగతన్నట్టు.

చాచా మాట్లాడలేదు. తలుపును ఎత్తి పట్టించి కింద రోలరు విప్పాడు. గోలీకాయంత రోలరు, సగం అరిగి మట్టితో గడ్డకట్టి ఉంది. కొత్తది వేసి, పట్టాకు గ్రీజు పూశాడు.

మర్నాడు చీకటితో మార్కెట్టులో హమాలీ అలవాటుగా గోతాం భుజాన వేసుకుని నా ఎడమ పక్కకు వచ్చాడు.

“ఈ పక్కప్పా, ఈ పక్క” అని మెస్సన్న కుడి తలుపు పట్టుకుని లాగాడు. సర్రున జరిగింది, అచ్చం సినిమాలోలాగే. లోపలికి లాగింది మాత్రం వంకాయల గోతాన్ని.