సున్నపు గింజ

నేను పందిమాంసంతో వచ్చే బద్దెపురుగు పిల్లను. గుడియాత్తంలో ఓ తెలుగు నేతవారింటి పిల్ల తలలో, ఎడమవైపు, కుడిచేతిని ఆడించే చోట కాపురం పెట్టాను.

ఆ ఇంట్లో కోడిగుడ్డు కూడా ముట్టరు. అయినా వచ్చాను. సరిగా ఉడకని పందిమాంసం తిన్నవాడి పేగులో మా పెద్దపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు మలంతో బయటపడి, కడగని చేతుల మీదో పచ్చికూరల మీదో ఎక్కి ఎవరి నోట్లోకైనా పోతాయి. నా గుడ్డు ఈ పిల్ల కడుపులో పగిలింది. పేగుగోడ తొలుచుకుని, నెత్తురులో కొట్టుకుపోయి మెదడు చేరాను.

అక్కడ నీటిబుడగ కట్టుకుని ఏళ్ల తరబడి పడున్నాను. బతికున్నంతకాలం ఒంటి కాపలా కణాల కన్నుగప్పే విద్య మా జాతికి ఉంది. పిల్ల ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడుతూ ఎక్కాలు నేర్చింది. నా వల్ల ఒక్క మాటా తడబడలేదు. గొడవంతా నా చావుతోనే. గోడ సడలి లోపలి సరుకు కారగానే ఆ కణాలు మూగాయి, చుట్టూ వాపు లేచింది. నాకన్నా ఆ వాపే ఎక్కువ చేటు చేసిందని నా వాదన.

కండె చుడుతుండగా పిల్ల కుడి బొటనవేలు తనంతట తానే కొట్టుకోసాగింది. తర్వాత మణికట్టు, మోచెయ్యి, మూతి. పడిపోయింది. ఎవరో ఇనప తాళాల గుత్తి గుప్పిట్లో కుక్కారు. ఫిట్స్ కాసేపటికి వాటంతటవే ఆగాయి, పేరు తాళాలకు దక్కింది.

బస్సెక్కించి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి తెచ్చారు. 1949లో జేకబ్ చాండీ దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగం పెట్టింది అక్కడే. సీటీ స్కాన్‌లో చిన్న ఉంగరంలా, రెండు సెంటీమీటర్ల లోపే కనిపించాను. ఒకప్పుడు మన దేశంలో ఇలాంటి ఉంగరాన్ని టీబీ గడ్డ అనుకుని నెలల తరబడి టీబీ మాత్రలు మింగించేవారు. 1980ల చివర్లో ఇక్కడి సర్జన్లు మాథ్యూ చాండీ, వేదాంతం రాజశేఖర్ కొన్నింటిని తీసి చూపిస్తే, లోపల బయటపడింది ఎక్కువగా మావాళ్లే. చాలా ఉంగరాలు ఫిట్స్ మందులు వాడుతుండగానే కరిగిపోతాయనీ తేలింది. కత్తి పని తగ్గింది.

"మాది శాకాహారం సార్, పంది పురుగేంటి?" అంది తల్లి.

"పంది తింటే పురుగు పేగులో పెరుగుతుందమ్మా. తలలోకి వచ్చేది దాని గుడ్డు మింగితే. మీ ఇంట్లో అందరికీ మలపరీక్ష చేయిద్దాం."

పిల్ల తల దించుకుంది.

తర్వాతి స్కాన్‌కు వాపు పోయింది. నేను మాత్రం కరగలేదు, సున్నం పట్టి గింజనయ్యాను. గింజ చుట్టూ ఎప్పుడైనా నీరు చేరి మళ్లీ ఫిట్స్ రావచ్చు, అందుకే మాత్రలు ఇంకా ఆపలేదు. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. పెళ్లివారు వచ్చినప్పుడు మాత్రల డబ్బా బియ్యం డ్రమ్ము వెనక్కి పోతుంది. ముందే చెప్పేద్దామని పిల్ల అంటోంది. తల్లి ఇంకా ఒప్పుకోలేదు.