పొయ్యి మీద అలిగిన వంట

ఇంట్లో ఒకరు పరుగెత్తడం మొదలుపెడితే మిగతావాళ్లందరికీ ఆయాసం. మా అమ్మాయి ఆగస్టులో హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీద 21 కిలోమీటర్లు పరుగెత్తడానికి పేరు ఇచ్చింది. "ఎవరు తరుముతారే?" అని రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు ఆరా తీశారు. ఎవరూ తరమరనీ, మనమే డబ్బు కట్టి, చీకటితో లేచి, ఇష్టపడి పరుగెత్తుతామనీ తెలిశాక ఆవిడ నా వైపు ఓ చూపు చూశారు. పిల్లను ఎలాంటి ఇంట్లో ఇచ్చామో అన్న పాత అనుమానం అందులో మళ్లీ కనబడింది.

పరుగు సరే, దాంతోపాటు పరుగుకు తగిన తిండి అని ఒకటి వచ్చిపడింది. వీగన్ అట. అంతా మొక్కల నుంచే రావాలి, కాబట్టి పాలు, పెరుగు, తేనె బంద్. ఏదీ పొయ్యి ఎక్కకూడదు, కాబట్టి ఇడ్లీ, ఉప్మా కూడా బంద్. వేడి 42 డిగ్రీలు దాటితే తిండిలోని ఎంజైములు చచ్చి జీవం పోతుందని ఈ మతంలో కొందరి నమ్మకం. 48 దాకా దోషం లేదని ఇంకో శాఖ వాదన. ఆ ఎంజైములను కాపాడి కడుపులోకి పంపినా అక్కడి ఆమ్లం వాటిని అరిగించక మానదని నేను అనబోయాను. ఇంట్లో శాంతి కోసం మానుకున్నాను. ఒకటి మాత్రం ఖాయం. ఈ నియమం పెట్టిన మహానుభావుడు మే నెలలో రెంటచింతల ఎండ చూసి ఉండడు. అక్కడ అరటిపండు గడప దాటితే చాలు, వండిన పదార్థాల జాబితాలో చేరిపోతుంది.

పొయ్యి చెయ్యాల్సిన చాకిరీ అంతా మిక్సీ నెత్తిన పడింది. తెల్లవారుజామున అయిదున్నరకు అది ఎత్తుకునే రాగానికి పై అంతస్తువాళ్లు అలారం పెట్టుకోవడం మానేశారు. జారులోకి పాలకూర, బాగా మగ్గిన చక్కెరకేళి, రాత్రి నానబెట్టి తొక్క తీసిన బాదం, నానిన సబ్జా గింజలు, రెండు ఖర్జూరాలు, నిమ్మరసం వెళ్తాయి. దీనికో వరస ఉంది. ముందు నీళ్లు, తర్వాత ఆకు, ఆ పైన పళ్లు. వరస తప్పితే అడుగున బ్లేడు ఉత్తినే తిరుగుతుంటుంది, పైన పాలకూర నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. నిమ్మరసం మరిచిపోతే గ్లాసు బల్ల మీదికి చేరి అందరూ లేచేలోపు అరటిపండు నల్లబడి, పానీయం చెరువు అడుగు రంగుకు దిగుతుంది. పాలకూర రుచి అసలు తెలియదని చెబుతారు. నిజమే, తెలియదు. మా జారు మూతకున్న రబ్బరులో వెల్లుల్లి కారం ఏళ్ల తరబడి కాపురం ఉంటోంది. దాని ముందు పాలకూర ఎంత?

ఈ స్మూతీకన్నా ఖర్జూరం ఉండలతో నాకు బాధ ఎక్కువ. గింజ తీసిన ఖర్జూరం, జీడిపప్పు, నువ్వులు, ఎండుకొబ్బరి తురుము, కోకో పొడి కలిపి తిప్పి, నిమ్మకాయంత ఉండలు చుడతారు. చెప్పడానికి ఇంతే. కానీ ఖర్జూరం మిక్సీలో పడిందంటే బ్లేడును కౌగిలించుకుని వదలదు. మోటారు మూలిగి, వేడెక్కి, ఆగిపోతుంది. అప్పుడు మిక్సీని తిరగేసి అడుగునున్న ఎర్ర బొత్తం నొక్కాలి. మా ఇంట్లో ఆ శాఖ నాది. ఖర్జూరాన్ని ముందే తరిగి కాసేపు గోరువెచ్చని నీళ్లలో వేస్తే నాకు పని తప్పుతుంది. కానీ గోరువెచ్చన అంటే ఎన్ని డిగ్రీలు? సభ ఆగిపోయింది. మా అత్తగారు గిన్నెలో వేలు ముంచి, "నూటొకటి. జ్వరాలు చూసిన చెయ్యి ఇది" అని తీర్పు చెప్పారు. ఫారెన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మార్చి చూసుకుని మా అమ్మాయి అనుమతి ఇచ్చింది.

అత్తగారు అంతటితో ఊరుకోలేదు. "ఈమాత్రం దానికి ఇంత హంగామా ఎందుకే? నాగులచవితికి పుట్ట దగ్గర పెట్టే పచ్చి చలిమిడి, చిమ్మిలి పొయ్యి ఎక్కాయా? శ్రీరామనవమి వడపప్పు ఎక్కిందా? పానకం ఎక్కిందా?"

"వడపప్పు ఓకే అమ్మమ్మా. మిగతావాటిలో బెల్లం ఉంది. చెరకు రసాన్ని గంటల తరబడి కాస్తే కదా బెల్లం వచ్చేది. అది పచ్చిది కాదు."

అనకాపల్లి బెల్లం మార్కెట్టు మొత్తం అలా ఒక్క వాక్యంతో వెలివేతకు గురైంది.

"మరి నీ జీడిపప్పో?" అన్నారు అత్తగారు.

ఇక్కడ నేను కల్పించుకోక తప్పలేదు. పలాసలో జీడిపప్పు ఎలా తయారవుతుందో నాకు తెలుసు. జీడిగింజ పైపెంకులో చర్మాన్ని కాల్చేసే నూనె ఉంటుంది. అందుకే గింజల్ని ఆవిరికి ఉడికించో, వేయించో ఆ తర్వాతే పగలగొడతారు. లోపలి పప్పును మళ్లీ వేడిగదిలో ఆరబెడితే గానీ పొర ఊడదు. ఇంత అగ్నిపరీక్ష అయ్యాక దాన్ని పచ్చి జీడిపప్పు అని సంచిలో పోసి అమ్ముతారు. కోకో గింజలనూ మామూలుగా వేయించే పొడి చేస్తారు. లెక్క చూస్తే మా అమ్మాయి ఉండలో శీలపరీక్షకు నిలబడినవి నువ్వులు, కొబ్బరి, ఖర్జూరం. "ఆ ఖర్జూరమైనా ఎడారి ఎండలో ఎండిందే కదా, దానికి థర్మామీటరు ఎవరు పెట్టారు?" అన్నారు అత్తగారు. పచ్చిదనం వంటింట్లో లేదు, ప్యాకెట్టు మీద అచ్చేసిన అక్షరాల్లో ఉంది.

ఇక్కడ "మన పూర్వీకులకు అన్నీ తెలుసు" అని ఒక ముక్క తగిలిస్తే చప్పట్లు పడతాయని తెలుసు. కానీ మన పూర్వీకులు చలిమిడి చేసింది పరుగు పందేల కోసం కాదు, పాము కోసం. పాము ముట్టనిది మనం తిన్నాం.

ఈ పచ్చి తిండి పిచ్చికీ మా అత్తగారి ఊరికీ పాత చుట్టరికమే ఉంది. 1929 వేసవిలో గాంధీగారు ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశం తిరుగుతూ రాజమండ్రి వచ్చారు. అక్కడ ప్రకృతి చికిత్సాలయం నడిపే సుందరం గోపాలరావుగారు పొయ్యి ఎక్కని తిండి మహిమ ఆయనకు చెప్పారు. తిండి ప్రయోగం అంటే గాంధీగారిని ఒకరు బతిమాలాలా! వెంటనే మొదలుపెట్టేశారు. రోజుకు 8 తులాల మొలకెత్తిన గోధుమలు, 8 తులాల బాదం ముద్ద, 8 తులాల నూరిన ఆకుకూర, 6 నిమ్మకాయలు, 2 ఔన్సుల తేనె. ఈ పట్టీని 'యంగ్ ఇండియా'లో అచ్చు వేసి మరీ దేశానికి చెప్పారు. 8 తులాలంటే ఇప్పటి లెక్కలో 93 గ్రాములు. తేనె, గోధుమలు తీసేస్తే మా ఇంటి జారుకీ దానికీ పెద్ద తేడా లేదు. చదువుతుంటే మాత్రం నాకు ఆ బాదం, ఆ ఆకు నూరిపెట్టిన చేతులే గుర్తొస్తాయి, ఎర్ర బొత్తం శాఖవాణ్ణి కదా. ఆగస్టుకల్లా ఆయనకు విరేచనాలు పట్టుకున్నాయి. ప్రయోగం ఆపేసి, ఆ సంగతీ దాచకుండా పత్రికలోనే రాశారు.

మరుసటేడు ఆయన దండికి నడిచారు. 24 రోజులు, 240 మైళ్లు, అరవై దాటిన వయసు. దారిలో తనకు ఏం కావాలో ముందే చెప్పుకున్నారు: మేకపాలు, ఎండుద్రాక్షో ఖర్జూరమో, మూడు నిమ్మకాయలు. "చురుకైన మనిషి తిండికి ఇంతకన్నా ప్రమాణం ఏం కావాలమ్మా?" అన్నాను. "మేకపాలు వీగన్ కాదు నాన్నా" అని ఉప్పు సత్యాగ్రహాన్ని ఒక్క ముక్కలో కొట్టిపారేసింది.

అయితే మా అమ్మాయి శాస్త్రం దానికి తెలుసు, కాదనను. గంటన్నర దాటిన పరుగుకు ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం చాలదు. దారిలో గంటకు 30 నుంచి 60 గ్రాములు అందించాలి. ఒక మోస్తరు అరటిపండులో 25 దాకా ఉంటుంది. ఖర్జూరం ఉండలు అందుకే జేబులోకి. ఆకుకూర గ్లాసు మాత్రం పరుగు అయ్యాకే. అంత పీచు కడుపులో వేసుకుని బయలుదేరినవాళ్లు ఫినిష్ లైను కంటే ముందు వేరే తలుపు వెతుక్కోవాల్సి వస్తుంది. సమస్య పరుగెత్తేవాళ్లతో కాదు, నాతో. గ్లాసులో రెండు అరటిపళ్లు, గుప్పెడు బాదం, ఖర్జూరం పడ్డాయంటే 400 కేలరీలు దాటుతుంది. నేను పార్కులో గంట నడిస్తే ఖర్చయ్యేది 250. ఆ గంటలో మా బృందం సగం సేపు రాజకీయాలకు కేటాయిస్తుంది, అదీ బెంచీ మీద కూర్చుని. అయినా శక్తి అవసరం కదా అని రెండు ఉండలు జేబులో వేసుకునే వెళ్తాను. చురుకైనవాళ్ల తిండి తినడానికి చురుకు అక్కర్లేదని పార్కు గేటు దగ్గర గోధుమగడ్డి రసం, బీట్‌రూట్ రసం అమ్మే బళ్ల ముందు నిలబడితే తెలుస్తుంది. కార్లో వచ్చి, కార్లోంచే చెయ్యి చాపి తాగి వెళ్లేవాళ్లున్నారు.

పోయిన ఆదివారం మా అమ్మాయి పెద్ద పరుగుకు వెళ్లింది. వచ్చేసరికి చల్లగా ఉండాలని స్మూతీ చేయించి ఫ్రిజ్‌లో పెట్టించింది. తొమ్మిదైనా రాలేదు. కంగారుపడి ఫోన్ తీస్తే ఫొటో కనబడింది: పరుగు ముఠా మొత్తం ఒక టిఫిన్ సెంటర్లో, ఒక్కొక్కళ్ల ముందు ఉప్మా పెసరట్టు, అల్లం చట్నీ. పెసలు నానబెట్టి రుబ్బేదాకా పచ్చివే కదా, అట్టు దగ్గరే కాస్త కాలు జారింది.

ఫ్రిజ్ లోని గ్లాసు అత్తగారికి ఇచ్చాను. కొత్త పళ్లసెట్టుతో అవస్థపడుతున్న ఆవిడకు నమలక్కర్లేని తిండి కావాలి. టీవీ ముందు కూర్చుని చుక్క మిగల్చకుండా తాగి, మూతి తుడుచుకుని, చాలాసేపు ఆలోచించి అన్నారు:

"బాగానే ఉందండీ అల్లుడు గారూ. రేపు ఆ అరటిపండు మానేసి కాస్త చింతపండు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఉప్పు వేయించండి. పోపు నేను పెడతాను. అన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటుంది."