ఏ జోన్ల పడ్డది?

నేను డిస్టెన్స్ రిలేని. రామగుండం స్విచ్‌యార్డు కంట్రోల్ రూములో, ఓ ప్యానెల్‌లో ఉంటాను. గోదావరి దాటి, పాత ఆదిలాబాద్ జిల్లా మీదుగా మహారాష్ట్రలోని భద్రావతికి పోయే 400 కేవీ లైనుకు కాపలా నాది. లోపల ఉన్నది కంప్యూటరే. వోల్టేజీని కరెంటుతో భాగిస్తూ కూర్చుంటాను. భాగఫలం పడిపోయిందంటే ఫాల్టు దగ్గర్లోనే ఉన్నట్టు. తీగను మాత్రం ఎన్నడూ చూడలేదు.

లైనులో మొదటి 80 శాతం దాకా జోన్-1. అక్కడ చెట్టుకొమ్మ తగిలినా ఎవర్నీ అడగను; సెకనులో పదో వంతు గడిచేలోగా బ్రేకర్ విడిపోవాలి. ఆపైన జోన్-2, జోన్-3. అవతల వేరే రిలేలున్నాయి, ముందు వంతు వాటిది. అవి పలక్కపోతేనే నేను కదలాలి. ఎంతసేపు ఆగాలన్నదే తంటా. తొందరపడితే బాగున్న లైను పోతుంది, తాత్సారం చేస్తే ట్రాన్స్‌ఫార్మర్లు కాలతాయి.

నెట్‌వర్కులో కలిసి పనిచేసే కంప్యూటర్లదీ ఇదే గోస. పక్క యంత్రం జవాబివ్వకపోతే చచ్చిందా, మెల్లగా నడుస్తోందా? సందేశాల ఆలస్యానికి హద్దు లేనిచోట, ఒక్కటి ఆగిపోయే వీలున్నా, మిగతావి ఏకాభిప్రాయానికి వస్తాయన్న గట్టి హామీ ఇవ్వలేమని 1985లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఫిషర్, లించ్, పాటర్సన్ నిరూపించారు. ఏ యంత్రం ఆగిపోయిందో ఊహించి చెప్పే కాపలాదారు అప్పుడప్పుడు పొరబడినా నెగ్గుకురావచ్చని 1996లో చంద్ర, టూయెగ్ చూపారు. సగానికి మించి యంత్రాలు బాగుండాలి. వాటిలో ఒక్కదాన్నైనా ఎప్పటికో ఒకప్పటికి అందరూ అనుమానించడం మానాలి. ఎప్పటికో అట! గ్రిడ్‌లో అంత తీరిక ఎవరికుంది?

2012 జులై 30, తెల్లవారుజామున 2.33. బినా-గ్వాలియర్ లైను మీది రిలే జోన్-3లో ట్రిప్ చేసింది. ఫాల్టు లేదు. లోడు మితిమీరి కరెంటు పెరిగి, వోల్టేజీ తగ్గేసరికి లెక్క ఫాల్టులాగే వచ్చింది. ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే లైను, అదే జోన్. ఈసారి తూర్పు, ఈశాన్య గ్రిడ్లూ పోయాయి. ఆ రిలేని నేను తప్పుపట్టను. ఇచ్చిన సెట్టింగ్ ప్రకారమే నడుచుకుంది.

దక్షిణాది నిలబడింది. భద్రావతిలో ఏసీని డీసీ చేసి మళ్లీ ఏసీగా మార్చే స్టేషన్ ఉంది; ఉత్తరాది ఫ్రీక్వెన్సీ కుదుపు అలాంటి గడప దాటదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో మేమూ దేశపు గ్రిడ్‌లో నేరుగా కలిశాం. ఆదుకునే చేతులు పెరిగాయి, కుదుపులకు దారీ తెరుచుకుంది.

నేను ట్రిప్ చేస్తే షిఫ్టు సారు మొదటి మాట, "ఏ జోన్ల పడ్డది?" జోన్-1 అంటే లైను వెంబడి మనుషులు బయల్దేరతారు. జోన్-3 అంటే ముందు నా సెట్టింగులే తిరగేస్తారు.