కాపీ కొట్టాల్సిన చోట కొట్టాలి

ఇప్పటి పిల్లలకి కాపీ అంటే చిన్నచూపు. పరీక్ష హాల్లో సంగతి కాదు లెండి, అక్కడ దాని మర్యాద దానికి అలాగే ఉంది. నేననేది ఆపరేటింగ్ సిస్టం లోపల జరిగే కాపీ. కానూరులో ఇంజినీరింగ్ చదివే మా తమ్ముడి కొడుకుదీ, వడ్డేశ్వరంలో చదివే వాడి స్నేహితుడిదీ ఒకటే పాట: "పెదనాన్నా, ఇప్పుడంతా జీరో కాపీ. కెర్నెల్‌కీ ప్రోగ్రాంకీ మధ్య డేటా కాపీ చేస్తూ కూర్చోవడం పాత చింతకాయ పచ్చడి." పాత చింతకాయ పచ్చడినే పథ్యానికి పెడతారని వీళ్లకెవరు చెప్పాలి?

తెలియని వాళ్ల కోసం ఒక్క ముక్క. మనం నడిపే ప్రోగ్రాం మెమరీ వేరు, యంత్రాన్నంతటినీ ఏలే కెర్నెల్ మెమరీ వేరు. ఫైలు చదవాలన్నా, ప్రింటరుకి పంపాలన్నా ప్రోగ్రాం తన బఫర్ అడ్రస్ కెర్నెల్ చేతిలో పెట్టి అడగాలి. ఆ అడ్రస్‌ని కెర్నెల్ చచ్చినా నమ్మకూడదు. అది లేని పేజీది కావచ్చు, డిస్కులోకి వెళ్లిపోయిన పేజీది కావచ్చు, దొంగబుద్ధితో ఇచ్చిన కెర్నెల్ సొంత అడ్రసే కావచ్చు. అందుకని పరీక్షించి, ప్రత్యేకమైన ఫంక్షన్లతో డేటాని తన వైపుకి కాపీ చేసుకున్నాకే దాన్ని ముట్టుకుంటుంది.

మా రోజుల్లో బెజవాడలో కంప్యూటరంటే ఒక 386 పెట్టె, అందులో ఎస్‌సీఓ యూనిక్స్, వెనక మల్టీపోర్ట్ కార్డు, గోడల వెంట పాకిన తీగలు, తీగల చివర పచ్చ అక్షరాల టెర్మినళ్లు. వన్‌టౌన్ బట్టల కొట్టయినా, గుడివాడ రైసు మిల్లయినా ఇదే సరంజామా. ఆ కార్డులకి డ్రైవర్లు రాసి బతికినవాళ్లలో నేనొకణ్ణి. గుమస్తా మీట నొక్కితే ఆ బైటు కార్డులోంచి కెర్నెల్ బఫర్లోకి, అక్కణ్ణుంచి ప్రోగ్రాం బఫర్లోకి వెళ్లేది. ఈ రెండో అడుగు వేయించేది ‘కాపీఔట్’. అటునుంచి ఇటు తెచ్చేది ‘కాపీఇన్’. ఒక్కో బైటుకైతే ‘ఫుబైట్’, ‘సుబైట్’. ఇవి వదిలేసి ప్రోగ్రాం ఇచ్చిన పాయింటర్‌ని డ్రైవర్ నేరుగా తాకిందా, ఏదో ఒకరోజు కెర్నెల్ పానిక్ ఖాయం. టెర్మినళ్లన్నీ ఒకేసారి బిగుసుకుపోయేవి, గుమస్తాలంతా ఒకేసారి మనవంక చూసేవారు. డిస్కు తనిఖీ పూర్తయ్యేదాకా యజమాని ఇప్పించిన కాఫీ గొంతు దిగేది కాదు. ఆ భయం మీదే పని నేర్చుకున్నాం.

పుస్తకాలా? మారిస్ బాక్ 1986లో యూనిక్స్ నిర్మాణం మీద రాసినదాని చవక ఇండియన్ ఎడిషన్ ఏలూరు రోడ్డులో కనిపిస్తే పండగే. ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ ఆరో ఎడిషన్ యూనిక్స్‌కి రాసిన వ్యాఖ్యానమైతే లైసెన్సు గొడవల వల్ల 1996 దాకా బజార్లోకి రానేలేదు. ప్రపంచమంతా జిరాక్సుకి జిరాక్సు తీసుకుని చదివింది. కాపీ గురించి నేర్చుకున్నదే కాపీ మీద!

పొదుపు కూడా అప్పటిదే. భారతీయ భాషల కోసం పెట్టిన ఇస్కీ కోడులో ‘కృష్ణా’ అన్న మాటకి 6 బైట్లు. ఇప్పటి యూటీఎఫ్-8లో 18. మూడింతల బరువు మోయిస్తూ, కాపీ ఖరీదైపోయిందని మళ్లీ ఏడుపొకటి.

మా రోజులంటే అన్నీ బంగారమని నేననను. రాస్తున్నది కెర్నెల్ అయితే 386 చిప్పు పేజీ మీద ‘చదవడానికే’ అన్న గుర్తుని ఖాతరు చేసేది కాదు. ఒక ప్రాసెస్ మరోదాన్ని పుట్టించే ఫోర్క్ తర్వాత తండ్రీ బిడ్డా పంచుకుంటున్న పేజీలోకి కూడా కెర్నెల్ నిక్షేపంగా రాసేయగలదు. అందుకే తొలినాళ్ల లినక్స్‌లో ‘వెరిఫై ఏరియా’ అంటూ ముందే పేజీపేజీ తడిమి చూసుకునేవారు. గుర్తుని కెర్నెల్ చేత కూడా పాటింపజేసే బిట్టు 486తో వచ్చింది. లినక్స్ 2.1 నాటికి ఈ తడుముకోవడం తగ్గించేశారు. అడ్రస్ ప్రోగ్రాం హద్దులో ఉందో లేదో మాత్రం చూసి కాపీ మొదలుపెట్టేయడం, చెడ్డ పేజీ తగిలి చిప్పు ఫాల్ట్ లేపితే ఒక పట్టికలో వెతికి సర్దుబాటు కోడులోకి దూకడం. ‘కాపీ ఫ్రమ్ యూజర్’, ‘కాపీ టు యూజర్’ అన్న పేర్లు అప్పుడు స్థిరపడ్డవే. మంచి పని. ఒప్పుకుంటా.

తర్వాత కాపలాకి చిప్పుని కూడా పెట్టారు. ఏలూరు కాలువ మీద పడవలు తిరిగే కాలంలో లాకుల దగ్గర ఎప్పుడూ ఒక తలుపు మూసే ఉండేది, పడవ దాటేంతసేపే తెరిచేవారు. స్మాప్ అనే ఏర్పాటు అచ్చం అదే. కెర్నెల్ ప్రోగ్రాం మెమరీ వైపు చెయ్యి చాపితే చిప్పే అడ్డుపడుతుంది. ‘స్టాక్’ అనే ఆదేశంతో గేటు తీసి, కాపీ అవగానే ‘క్లాక్’తో మూసేయాలి. లినక్స్ 2012లోనే 3.7తో దీనికి సిద్ధమైంది. ఇంటెల్ చిప్పుల్లో బ్రాడ్‌వెల్‌తో 2014లో వచ్చింది.

గేటు చిప్పే వేస్తుంది కదా అని పిల్లలు బుర్రకి తాళం వేసుకున్నారు. ‘కాపీ ఫ్రమ్ యూజర్’ తిరిగి ఇచ్చేది ఎన్ని బైట్లు వచ్చాయన్న లెక్క కాదు, ఎన్ని రాకుండా మిగిలాయన్న లెక్క. సున్నా అయితే పని అయినట్టు. ఏమైనా మిగిలితే మైనస్ గుర్తుతో ‘ఈఫాల్ట్’ పంపాలి. వీళ్లు ఆ మిగిలిన లెక్కనే తిన్నగా రిటర్న్ చేస్తారు. అది ప్లస్ సంఖ్య కాబట్టి అవతల ప్రోగ్రాం గెలిచాననుకుంటుంది. 40 బైట్లు రాలేదు మొర్రో అని కెర్నెల్ అంటే, 40 వచ్చాయని చప్పట్లు!

ఇంకోటి. ఒక బైటు క్యారెక్టర్, దాని పక్కన 4 బైట్ల ఇంటీజర్ ఉన్న స్ట్రక్చర్ తీసుకోండి. కంపైలర్ మధ్యలో 3 బైట్ల ఖాళీ వదులుతుంది. రెండు గదులూ నింపామని మొత్తం ‘కాపీ టు యూజర్’ చేసేస్తే, ఆ ఖాళీలో కెర్నెల్ పని చేసుకునే మెమరీలో అంతకుముందు మిగిలిందేదో, అడ్రస్ ముక్కో పాస్‌వర్డ్ ముక్కో, బయటికి పోతుంది. ముందు సున్నాలతో తుడవరా అంటే "ఎందుకు పెదనాన్నా, అన్నీ నింపాగా" అంటాడు.

ప్రోగ్రాం మెమరీలో ఉన్న పొడవు ఒకసారి చదివి సరిచూసి, మొత్తాన్ని మళ్లీ తెచ్చుకునేవాళ్లు మరీ ఘనులు. మా 386లో ఉన్నది ఒక్క ప్రాసెసర్. కెర్నెల్ తనంతట తను నిద్రపోతే తప్ప మధ్యలో ఎవడూ వేలు పెట్టలేడు. ఇప్పుడు జేబులో ఫోనుకే 8 కోర్లు. నువ్వు సరిచూసిన పొడవుని రెండోసారి చదివేలోపు పక్క థ్రెడ్ మార్చేస్తుంది. కెర్నెల్లోకి కొత్తగా వచ్చిన రస్ట్ భాషలో, చదివిన కొద్దీ రీడర్ ముందుకే జరిగేటట్టు పెట్టారు. అది నాకు నచ్చింది.

ఇక జీరో కాపీ. పెద్ద ఫైళ్లని నెట్‌వర్క్‌లోకి తోసే సర్వర్లకి ‘సెండ్‌ఫైల్’ వరమే, కాదనను. కానీ కాపీ మానేశామంటే అర్థం, ఒకే పేజీని ఇద్దరూ పట్టుకున్నారని. 2022లో మాక్స్ కెల్లర్‌మన్ బయటపెట్టిన డర్టీ పైప్ అనే లినక్స్ లోపం ఏమిటి? ‘స్ప్లైస్’ ఫైలు పేజీని కాపీ చేయకుండా పైపుకి తగిలిస్తుంది. ఒక్క ఫ్లాగ్ తుడవడం మర్చిపోయినందుకు, పైపులోకి రాసింది పోయి ఆ ఫైలు పేజీలో పడింది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలు! 2019లో 5.1తో వచ్చిన ఐఓ యూరింగ్‌లో ప్రోగ్రాం, కెర్నెల్ ఒకే వలయాన్ని పంచుకుంటాయి. తన కెర్నెల్ బహుమతుల పోటీకి 2022లో వచ్చిన దాడుల్లో 60 శాతం దాని మీదేనని గూగులే చెప్పి, క్రోమ్ ఓఎస్‌లో దాన్ని ఆపేసింది.

అసలు వీళ్లు కొలిచే ఖరీదు చాలాసార్లు కాపీది కానే కాదు, సరిహద్దు దాటినందుకు కట్టే సుంకం. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే చిప్పు లోపం బయటపడ్డాక, దాని బారిన పడ్డ చిప్పుల మీద కెర్నెల్‌కీ ప్రోగ్రాంకీ వేర్వేరు పేజీ పట్టికలు పెట్టి, లోపలికి వెళ్లినప్పుడూ వచ్చినప్పుడూ పట్టిక మార్చాల్సి వచ్చింది. ఆ బరువు తీసుకెళ్లి కాపీ నెత్తిన రుద్దుతున్నారు. ఇంతోటి చాట్ సందేశానికి జీరో కాపీ అంటూ పేజీలు ముడేసి, విప్పి, కోర్లన్నిటికీ పాత అడ్రస్ అనువాదాలు పారేయండని కబురు పెట్టి, అవి పారేసేదాకా ఆగి... ఈలోగా ఆ నాలుగు బైట్లూ మామూలుగా కాపీ అయిపోయి, ప్రోగ్రాం తర్వాతి పనిలో పడి ఉండేది.