నేను బ్యానర్ ప్రకటనని

1994 అక్టోబర్ 27న నేను పుట్టాను. శాన్ ఫ్రాన్సిస్కోలో వైర్డ్ పత్రికవాళ్లు అప్పుడే తెరిచిన హాట్‌వైర్డ్ వెబ్‌సైట్ నా పుట్టిల్లు. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. రాసేవాళ్లకు జీతాలివ్వాలి, చదివేవాళ్లను డబ్బడిగే అలవాటు ఇంకా లేదు. ఆ ఖర్చు నా నెత్తిన పెట్టారు. నల్లటి పలక మీద రంగుల అక్షరాలతో, ఇక్కడ ఎప్పుడైనా మౌస్ నొక్కారా అని అడిగేదాన్ని. డబ్బు కట్టింది ఏటీ అండ్ టీ కంపెనీ. అయినా నొక్కినవాళ్లకు నేనేమీ అంటగట్టలేదు, పేరున్న మ్యూజియంలు చూపించాను. చూసిన వందమందిలో 44 మంది నొక్కారని చెబుతారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

వెబ్‌లో అందరూ నా మీదే బతకలేదు. 1995లో అమెజాన్ పుస్తకాలమ్మింది. అదే ఏడు మొదలైన ఈబే, వేలంలో సరుకు అమ్ముకునేవాళ్ల దగ్గర రుసుము తీసుకుంది. కొనేవాళ్లను పంపిన సైట్లకు కమీషనిచ్చే పద్ధతి అమెజాన్ 1996లో పెట్టింది. వాల్‌స్ట్రీట్ జర్నల్ తొంభైల్లోనే చందా అడిగింది. ఉచితంగా చదివించే సైట్లకు మాత్రం ఎక్కువగా కూడుపెట్టింది నేనే. సైట్లలో ప్రకటనలు పెట్టించే గూగుల్ యాడ్‌సెన్స్ 2018లో తెలుగు పేజీలనూ చేర్చుకుంది. తెలుగులో రాసేవాళ్లకూ నా వల్ల నాలుగు రూపాయలు వచ్చే దారి ఏర్పడింది.

నన్ను పాడుచేసింది యజమానుల ఆశ. వెయ్యిసార్లు కనిపిస్తే ఇంత అని నాకు వెల కట్టారు. ఇంకేం, ఒకటున్న చోట పది పెట్టారు. గెంతమన్నారు, మెరవమన్నారు, అడగకుండానే మోగమన్నారు. చదివే పేజీ మీద వేరే కిటికీ తెరుచుకునేలా మొదట ప్రోగ్రామ్ రాసినాయన 2014లో బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. నాతో ఆ పనులు చేయించిన యజమానుల్లో చెప్పుకున్నవాళ్లు నాకెవరూ కనపడలేదు. పైగా, పాఠకుడు ఏ సైటు చూసి ఏ సైటుకు వెళ్తున్నాడో కనిపెట్టే పని కూడా నాకే అప్పగించారు. నేను వాకిట్లో నిలబడి పిలవడానికి పుట్టాను, వెంటపడి కాపు కాయడానికి కాదు.

ఇప్పుడు మీ ఫోన్‌లో నా బతుకు చూడండి. వార్తలో రెండో వాక్యం చదువుతుంటారు. నేను ఆలస్యంగా దిగుతాను, వాక్యం కిందికి జారిపోతుంది. నన్ను మూసే ఇంటూ గుర్తు ఆవగింజంత ఉంటుంది. వేలు పక్కన పడి ఇంకెక్కడికో వెళ్లిపోతారు. ఆ పొరపాటు నొక్కును కూడా ఆదాయంలో రాసుకుంటారు. మీరు తిట్టేది నన్ను. అలా తిట్టీ తిట్టీ, నేనున్న వైపు చూడటమే మానేశారు. యాడ్ బ్లాకర్లు పెట్టుకున్నారు. ఈ రోజు వందమందిలో ఒక్కరు నొక్కితే గొప్ప. చివరికి ఆ యజమానులే నా వల్ల గిట్టుబాటు కావడం లేదని చందా గోడలు కట్టుకున్నారు. కొందరు చందా పుచ్చుకుని కూడా నన్ను పేజీలోంచి తీయలేదు. నాకు ఎక్కువ నొప్పి కలిగించింది అదే.

సైటు నడిపేవాళ్లను నేనడిగేది ఒక్కటే: పేజీకి ఒకటి రెండు చోట్ల, కదలకుండా, చదవడానికి అడ్డం రాకుండా ఉండనివ్వండి. పాఠకులారా, మీరు రోజూ చదివే మంచి సైటు చందా అడిగితే కట్టండి. కట్టే స్తోమత లేకపోతే, మర్యాదగా నడిచే ఆ ఒక్క సైటులో బ్లాకర్ తీసేయండి. అక్కడ రాసేవాళ్లకు జీతం రావాలి.