మాకొక ట్రాము బండి ఇప్పించండి

శ్రీయుత జనరల్ మేనేజర్ గారికి,
దక్షిణ మధ్య రైల్వే, రైల్ నిలయం, సికింద్రాబాద్.

విషయము: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలకు ట్రాము మంజూరు చేయుట గురించి.
సూచిక: 1) 1993–94 నాటి మంజూరు. 2) 2006–07 నాటి మంజూరు. 3) మా ఓపిక.

అయ్యా,

విషయం చదవగానే తమరు నవ్వుకుని ఉంటారు. ట్రాము అంటే మద్రాసులో 1895లో కరెంటుతో మొదలై 1953లో మూతపడిన బండి. 'మద్రాసు మనదే' అన్న తరంవాళ్లు ఎక్కి తిరిగిన బండి. కలకత్తాలో కూడా ఇప్పుడు ఉందా లేదా అన్నట్టుంది. హైదరాబాదుకే లేని ట్రాము జగిత్యాలకెందుకని తమరు అడగవచ్చు. అడగండి. కాకపోతే మేం కొత్త పట్టాలేమీ కోరడం లేదు. జగిత్యాల, కోరుట్లకు పట్టాలు తమ శాఖే వేసింది, స్తంభాలు పాతి 25 వేల వోల్టుల తీగలు కూడా లాగింది. ఆ పట్టాల మీద బండ్లు నడపమనే ఈ మనవి.

ముందు మా రోడ్డు సంగతి వినండి. జగిత్యాలలో రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. ఒకటి ఆర్మూరు నుంచి మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా వచ్చి ధర్మపురి, మంచిర్యాల వైపు పోయే 63. రెండోది ఇక్కడే మొదలై కరీంనగర్, వరంగల్, ఖమ్మం పోయే 563. ఢిల్లీలో మ్యాపు గీసినవారికి అవి రెండు గీతలు. మాకు మాత్రం కూరగాయలు కొనేది ఆ రోడ్డు మీదే, బడి బస్సు కోసం పిల్లల్ని నిలబెట్టేది ఆ రోడ్డు మీదే, పెండ్లి బారాత్ తీసేది ఆ రోడ్డు మీదే. కోతలైతే వడ్లు, మక్కలు ఆరబోసే కళ్లం కూడా అదే. సగం రోడ్డు వడ్లకు, సగం లారీలకు. కళ్లాలు కట్టిస్తే రైతు రోడ్డెందుకు ఎక్కుతాడన్నది వేరే శాఖను అడగవలసిన ప్రశ్న, ఇక్కడ వదిలేస్తున్నాను.

ఎండాకాలం చల్‌గల్ మామిడి మార్కెట్టుకు ట్రాలీలు వస్తాయి, అక్కడి నుంచి ఢిల్లీ దాకా లారీలు పోతాయి. పొద్దుగూకితే ముంబయి బస్సులు బయల్దేరుతాయి. దుబాయి పోయేవాళ్లను శంషాబాద్ విమానాశ్రయంలో దించడానికి ఇంటిల్లిపాదీ ఎక్కిన కార్లు ఏ వేళయినా కనబడతాయి. వీటి మధ్య నుంచే ఆటోలు, బడి వ్యాన్లు, కొండగట్టు భక్తులు. కోరుట్ల నంది చౌరస్తా దగ్గరో, జగిత్యాల కొత్త బస్టాండు దగ్గరో కాసేపు నిలబడితే తమకు మా జనాభా లెక్కలు విడిగా పంపనక్కరలేదు.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైంది. మంచి పని. బీడీల కార్ఖానాకు పోయే అక్క, బిడ్డను చూసి రావాలనుకునే అవ్వ ఇప్పుడు చేతిలో పైసల్లేకున్నా బస్సెక్కుతున్నారు. కాకపోతే ఫుట్‌బోర్డు మీద జాగా కోసం మగవాళ్లు పోటీ పడుతున్నారు.

ఇక్కడ కాసేపు పరాచికం పక్కన పెడతాను. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ ఒక్క బస్సులో వంద మంది దాకా ఉన్నారు. ఆ బస్సు తిరిగే ఊళ్లకు రైలు పోదు, నిజమే. అయినా మా ప్రాంతంలో బండి నింపడానికి జనం లేరని ఫైలు మీద ఎవరైనా రాయబోయేటప్పుడు ఆ వంద మంది సంఖ్య కళ్లముందు ఉండాలి.

ఇప్పుడు తమ పట్టాల సంగతి. పెద్దపల్లి–నిజామాబాద్ లైను మా ఉమ్మడి జిల్లా బిడ్డ పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న రోజుల్లో, 1993–94లో మంజూరైంది, 2017లో పూర్తయింది. పొడవు దాదాపు 178 కిలోమీటర్లు. లెక్క కడితే ఏడాదికి ఏడున్నర కిలోమీటర్లు. ఇరవై ఏళ్లకు పైగా సంబంధాలు చూసి, ఘనంగా పెండ్లి చేసి, పిల్లను కాపురానికి మాత్రం పంపనట్టుంది తమ వ్యవహారం. ముంబయి బండి వారానికొకటి. తిరుపతి బండి కరీంనగర్‌లోనే మొదలవుతుంది, కాబట్టి వెంకన్న దర్శనానికి మేం ముందు బస్సెక్కాలి. ఇక రోజువారీ ప్యాసింజర్లను లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు.

పోనీ, ఉన్న బండినైనా అందుకుందామంటే జగిత్యాల స్టేషను ఊళ్లో లేదు. దాని పేరు లింగంపేట జగిత్యాల. బోర్డు మీద రెండు పేర్లూ ఆనుకునే ఉంటాయి గాని, ఊరి నడుమ ఉన్న టవర్ సర్కిల్ నుంచి అక్కడికి ఆటో కట్టించుకోవాలి. ప్యాసింజరు కనీస ఛార్జీ పది రూపాయలు. పది రూపాయల రైలు కోసం అంతకు కొన్ని రెట్లు ఆటోకు పోసేవాడు ఎవడు? అదే డబ్బుతో బస్సులో సీదా కరీంనగర్ దిక్కు పోతాడు. ఆపైన బోగీ ఖాళీ అని తమ లెక్కలో పడుతుంది. జనం లేరు కనుక బండి లేదు, బండి లేదు కనుక జనం లేరు. ఈ ముడి విప్పవలసింది టికెట్టు కొనేవాడు కాదు, టైంటేబులు వేసేవారు.

ట్రాము మాట ఊరికే ఎత్తలేదు. జర్మనీలో కార్ల్స్రూ అనే నగరం ఉంది. ఊళ్లో ట్రాములు తిరుగుతుంటాయి, ఊరి బయట రైలు పట్టాలుంటాయి. బ్రెటెన్ అనే చిన్న పట్టణం నుంచి వచ్చేవాళ్లు ఒకప్పుడు రైలు దిగి ట్రాము ఎక్కాల్సి వచ్చేది. 1992లో అక్కడివారు ట్రాము కరెంటు, రైలు కరెంటు రెండింటితోనూ నడిచే బండి తయారు చేయించి, ట్రామునే రైలు పట్టాల మీదికి ఎక్కించారు. ఊరి నడిమధ్య ఎక్కినవాడు అదే బండిలో బ్రెటెన్‌లో దిగాడు. బండ్లు పెంచారు, ఆగే చోట్లు పెంచారు, ప్రయాణికులు కొన్ని రెట్లు పెరిగారు. పట్టాలు పాతవే. మాకు టవర్ సర్కిల్ దాకా పట్టాలు వేయమని అడిగేంత అత్యాశ లేదు, అక్కడ మనిషి నడవడానికే సందు లేదు. బండి వచ్చే వేళకు స్టేషను ముందు ఒక ఆర్టీసీ బస్సు నిలబడి ఉంటే చాలు. ఆ మాట ఆర్టీసీ వారితో తమరే మాట్లాడాలి. మేం మాట్లాడితే రైల్వేను అడగమంటారు.

సిరిసిల్ల కథ వేరు. అక్కడ ఇంకా పెండ్లే కాలేదు. మనోహరాబాద్–కొత్తపల్లి లైను 2006–07లో మంజూరైతే, పనులకు ప్రధాని శంకుస్థాపన చేసింది 2016 ఆగస్టులో. బండి సిద్దిపేట దాకా వచ్చింది 2023 అక్టోబరులో. ఖర్చులో మూడో వంతు రాష్ట్రానిది, భూమి రాష్ట్రానిది, నడిపాక మొదటి ఐదేళ్ల నష్టం కూడా రాష్ట్రానిదే. నష్టం వస్తుందని ముందే రాసుకుని మొదలుపెట్టిన లైను ఇది. రాసినవారు సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) చప్పుడు విన్నట్టు లేరు. నూలు బయటి రాష్ట్రాల నుంచి లారీల్లో వస్తుంది, బట్ట లారీల్లో పోతుంది. బతుకమ్మ చీరలు నేసిన రోజుల్లో ఏటా దాదాపు కోటి చీరలు ఆ ఊరి నుంచి రోడ్డు మీదే కదిలాయి. భివండీకి వలసపోయిన పద్మశాలీ కుటుంబాలు పండుగకు రావాలన్నా బస్సే. శివరాత్రికి వేములవాడ రాజన్న దగ్గరికి వచ్చే జనం సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇంకో మాట, ఇది పూర్తిగా స్వార్థంతో అడుగుతున్నది. ఆ లైను కొత్తపల్లిలో మా లైనుతో కలిసిన రోజున జగిత్యాల, కోరుట్లకు కూడా సికింద్రాబాద్ దగ్గరవుతుంది. ఇప్పుడు పెద్దపల్లి మీదుగానో, నిజామాబాద్ మీదుగానో చుట్టు తిరిగి పోవాలి, ఆలోపు బస్సు జూబ్లీ బస్టాండు చేరుతుంది. కనుక కొత్తపల్లిలో ఇంజను ఇటు నుంచి అటు మార్చే పని లేకుండా బండి నేరుగా జగిత్యాల వైపు తిరిగే దారి ఉండేలా చూడండి. అది ఇప్పుడు మరిచిపోతే, తరువాత బైపాసు లైను పేరుతో మా మనవలు మళ్లీ తమ వారసులకు లేఖ రాయాలి.

ఈ లేఖకు జవాబు ఎలా ఉంటుందో ఊహించగలను. 'పరిశీలనలో ఉన్నది.' కాకుంటే 'ట్రాఫిక్ జస్టిఫికేషన్ లేదు.' సింగిల్ లైను, క్రాసింగులు కుదరవు అని కూడా అనవచ్చు. రోజులో చాలాసేపు ఖాళీగా ఉండే సింగిల్ లైను మీద ఎదురయ్యేది ఎవరండీ?

మెట్‌పల్లి–కరీంనగర్ మధ్య పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా గంటకొక బండి, నాలుగు బోగీలైనా సరే, ఒక్క ఏడాది నడపండి. సిరిసిల్లకు బండి వచ్చే తేదీ ఒకటి కాగితం మీద రాసి ఇవ్వండి. ఏడాది తరువాత బోగీలు ఖాళీగా తిరిగితే నిరభ్యంతరంగా ఆపేయండి, మళ్లీ లేఖ రాయం.

ఇట్లు,
రోడ్డున పడి ఉన్న మూడు పట్టణాల తరఫున
ఒక పౌరుడు